పొగరేఖకు మూలం వెతికిన చరిత్ర: ఉపగ్రహ చిత్రాల్లో కార్చిచ్చు పొగ, వాయుధూళి

వ్యాస సంగ్రహం

కార్చిచ్చుల పొగ, ఎడారుల ధూళి పుట్టినచోట ఆగవు. గాలివాటున సముద్రాలు దాటి వేల కిలోమీటర్ల దూరంలోని మనుషుల ఊపిరిలోకి చేరతాయి. 1960 నుంచి ఉపగ్రహాలు ఈ ప్రయాణాన్ని చిత్రిస్తున్నాయి. అయితే చిత్రం దొరకడం వేరు, దాన్ని సరిగా చదవడం వేరు. ఆ చదువు ఏయే దశల్లో కుదుటపడిందో, ఏయే పొరపాట్లు సవరించుకుంటూ సాగిందో ఈ వ్యాసం చర్చిస్తుంది. పొగను చూసి నిప్పును ఊహించే అనుమాన ప్రక్రియను భారతీయ తర్కశాస్త్రం ఎలా పరీక్షించిందో చూసి, ఆ ప్రశ్నల వెలుగులోనే ఉపగ్రహ పరిశీలన చరిత్రను అంచనా వేస్తుంది. ఉపగ్రహ చిత్రం నేడు పాలనలో, న్యాయస్థానాల్లో సాక్ష్యంగా నిలబడుతున్నందువల్ల ఈ పరీక్ష అవసరమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కార్చిచ్చు, వాయుధూళి, ఏరోసాల్, ఉపగ్రహ చిత్రం, అనుమాన ప్రమాణం, పంట వ్యర్థాల దహనం.

1. ఉపోద్ఘాతం

నిప్పు లేనిదే పొగ రాదని తెలుగు సామెత. లోకానుభవం నుంచి పుట్టిన ఈ మాటనే భారతీయ తర్కశాస్త్రం అనుమాన ప్రమాణానికి ప్రధాన ఉదాహరణగా స్వీకరించింది. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు రచించిన ‘తర్కసంగ్రహం’ చదివిన ప్రతి విద్యార్థికీ కొండమీది పొగ పరిచితమే. కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియత సంబంధం వ్యాప్తి. వంటశాల దీనికి సపక్షం, సరస్సు విపక్షం.

తార్కికులు ఈ ఉదాహరణను అంత సులువుగా వదిలిపెట్టలేదు. ఆవిరినో ధూళినో చూసి పొగ అని భ్రమపడితే ఏమవుతుందని అడిగారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా అని అడిగి, కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ లేదని చూపారు. కేశవమిశ్రుని ‘తర్కభాష’ కొండమీది పొగను వర్ణిస్తూ దాని మూలం తెగి ఉండరాదన్న షరతు పెట్టింది. గాలికి కొట్టుకువచ్చిన పొగను చూసి, అది కనిపించిన చోటే నిప్పు ఉందనుకోవడం తప్పవుతుందన్నది దీని ఆంతర్యం.

ఇవి పాఠశాల చర్చలుగా మిగిలిపోలేదు. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే పరికరం పంపిన చిత్రంలో ఒక బూడిదరంగు మరక కనిపించినప్పుడు శాస్త్రవేత్తలు అడగవలసివచ్చిన ప్రశ్నలు దాదాపు ఇవే. కనిపిస్తున్నది పొగా, మేఘమా, ధూళా? దాని మూలం ఎక్కడ? నిప్పు ఉన్నా పొగ కనబడకపోవచ్చా? వీటికి తర్కగ్రంథాల్లో లేని మరొక ప్రశ్న తోడైంది: ఏ సమయంలో చూశాం? ఈ వ్యాసం ఈ నాలుగు ప్రశ్నల వెంట నడుస్తుంది. ఆధునిక విజ్ఞానమంతా ప్రాచీన గ్రంథాల్లో ఉందని చెప్పడం దీని ఉద్దేశం కాదు. సాక్ష్యాన్ని పరీక్షించే పద్ధతి విషయంలో రెండింటికీ ఉన్న పోలిక మాత్రమే ఇక్కడ ప్రస్తుతం.

2. మూలం తెగిన పొగ: ఉపగ్రహాలకు పూర్వం

1780 మే 19న ఉత్తర అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో పట్టపగలే చీకటి కమ్మింది. మధ్యాహ్నం కొవ్వొత్తులు వెలిగించుకోవలసి వచ్చింది. ప్రళయదినం వచ్చిందని చాలామంది భయపడ్డారు. వాననీటిలో మసి వాసన గమనించినవారు ఉన్నా, ఆ మసి ఎక్కడిదో చెప్పగలిగినవారు లేరు. కెనడాలోని ఒంటారియో ప్రాంతపు అల్గాంక్విన్ అడవుల్లో చెట్ల వలయాలమీది మంటగాయాలను పరిశీలించిన అమెరికా పరిశోధకులు, ఆ సంవత్సరం అక్కడ పెద్ద కార్చిచ్చు చెలరేగిందని 2007లో ప్రకటించారు. పొగకూ నిప్పుకూ మధ్య తెగిన సంబంధాన్ని కలపడానికి 227 సంవత్సరాలు పట్టింది.

ధూళి చరిత్ర కూడా ఇలాంటిదే. 1832 జనవరిలో బీగిల్ నౌక కేప్‌వెర్డ్ దీవులను సమీపించినప్పుడు చార్లెస్ డార్విన్ తెరచాప స్తంభం కొననుండే గాలిసూచికకు అంటిన సన్నని గోధుమరంగు ధూళిని సేకరించాడు. దాన్ని బెర్లిన్‌లోని ఎహ్రెన్‌బర్గ్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి అందులో అనేక సూక్ష్మజీవుల అవశేషాలను గుర్తించాడు. ఇతర నౌకల అనుభవాలను కూడా జోడించి డార్విన్ 1846లో ఈ అట్లాంటిక్ ధూళిపై ఒక పత్రం వెలువరించాడు. గాలి దిశను, ధూళి రాలిన తావులను కలిపి చూసి అది ఆఫ్రికా నుంచే వస్తున్నదని అతడు నిర్ణయించాడు. ఒక్కొక్క నౌక ఒక్కొక్క చుక్క. ఆ చుక్కలను కలిపి గీసిన గీతే అతని అనుమానం.

1950 సెప్టెంబరు 24న అమెరికా తూర్పు రాష్ట్రాల్లో మళ్లీ ఆకాశం నల్లబడింది. అప్పటికి అణుబాంబు భయం ప్రజల్లో ఉన్నందున కొందరు అణువిస్ఫోటనాన్ని శంకించారు. రెండు రోజుల తరువాత స్కాట్లాండులో సూర్యుడు నీలిరంగులో కనిపించాడు. కెనడా పశ్చిమాన బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా సరిహద్దులో జూన్ నుంచి రగులుతున్న చించాగా కార్చిచ్చు దీనికి మూలం. అది పది లక్షల హెక్టార్లకు పైగా అడవిని దహించింది. వాతావరణ శాస్త్రవేత్త హారీ వెక్స్‌లర్ గాలి పటాల ఆధారంగా ఆ పొగ ప్రయాణాన్ని గీసి అదే ఏడాది ప్రచురించాడు. 1780లో రెండు శతాబ్దాలు దాటిన నిరీక్షణ ఇప్పుడు కొద్ది వారాలకు తగ్గింది. అయినా పొగను దాని మొత్తం పొడవునా ఒక్కచూపులో చూసినవారు అప్పటికి ఎవరూ లేరు.

3. మేఘాల కోసం పెట్టిన కన్ను

1960 ఏప్రిల్ 1న అమెరికా ప్రయోగించిన టైరోస్-1 తొలి వాతావరణ ఉపగ్రహం. అందులోని రెండు టెలివిజన్ కెమెరాలు 78 రోజులపాటు పనిచేసి దాదాపు 23 వేల చిత్రాలు పంపాయి. దాని లక్ష్యం మేఘాలు. 1966 డిసెంబరులో ప్రయోగించిన ఏ.టి.ఎస్.-1 భూస్థిర కక్ష్య నుంచి భూగోళంలో ఒక పూర్తి పార్శ్వాన్ని పదేపదే చూపగలిగింది. మేఘాల కదలిక అప్పటినుంచి చలనచిత్రంలా కనబడసాగింది.

ఈ చిత్రాల్లో ధూళి కూడా ఉంది. కాని దాన్ని చదవడంలో చిక్కు ఉంది. నల్లని సముద్రంమీద లేతరంగు ధూళి తెర స్పష్టంగా కనిపిస్తుంది. అదే ధూళి తాను పుట్టిన ఎడారిమీద ఉన్నప్పుడు ఇసుక వెలుగులో కలిసిపోతుంది. అంటే ప్రయాణం కనిపించేది, మూలం కనిపించేది కాదు. కార్చిచ్చు పొగ విషయంలో చిక్కు మరొకటి. నలుపు తెలుపు చిత్రంలో పొగ పలుచని మేఘంలా ఉంటుంది.

అందువల్ల ఈ తొలిదశలో ఉపగ్రహం ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు. నేలమీది పరిశీలకుడు తోడు కావలసి వచ్చింది. కరీబియన్ ప్రాంతంలోని బార్బడోస్ దీవిలో 1965లో జోసెఫ్ ప్రాస్పెరో తదితరులు సన్నని నైలాన్ వలలు కట్టి గాలిలోని ధూళిని సేకరించడం మొదలుపెట్టారు. వేసవి నెలల్లో ఆ వలలు ఎర్రబారేవి. 1972లో టోబీ కార్ల్‌సన్, ప్రాస్పెరో కలిసి సహారా నుంచి వెలువడే వేడి, పొడి గాలి అట్లాంటిక్‌మీద తేమగాలికి పైన ఒక ప్రత్యేక పొరగా సాగుతుందని, ధూళి ఆ పొరలోనే ప్రయాణిస్తుందని నిరూపించారు. డార్విన్ నౌకలతో గీసిన గీతను ఇప్పుడు వల, విమానం, ఉపగ్రహం కలిసి నిండుగా గీశాయి.

4. దోషంగా తోచినదే ఆధారం కావడం

ఈ చరిత్రలో అత్యంత ముఖ్యమైన మలుపు ధూళితో గాని పొగతో గాని సంబంధంలేని ఒక పరికరం వల్ల వచ్చింది. 1978 అక్టోబరు 24న ప్రయోగించిన నింబస్-7 ఉపగ్రహంలోని టామ్స్ పరికరం ఓజోన్‌ను కొలవడానికి ఉద్దేశించింది. భూమి నుంచి తిరిగివచ్చే అతినీలలోహిత కాంతిని అది ఆరు తరంగదైర్ఘ్యాల్లో కొలిచేది. వీటిలో కొన్నింటిని ఓజోన్ పీల్చుకుంటుంది, కొన్నింటిని అంతగా ముట్టుకోదు. ఈ తేడా నుంచి ఓజోన్ పరిమాణాన్ని లెక్కిస్తారు.

ఓజోన్ ప్రభావం దాదాపు లేని 340, 380 నానోమీటర్ల వద్ద, కొలిచిన కాంతికీ లెక్కప్రకారం రావలసిన కాంతికీ కొన్నిచోట్ల పొంతన కుదరలేదు. ఓజోన్ లెక్క దృష్ట్యా ఇది సవరించవలసిన శేషం. దీని కారణాన్ని పరిశీలిస్తే విషయం తేలింది. అతినీలలోహిత కాంతిని గాలి అణువులే బలంగా వెదజల్లుతాయి. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఈ వెదజల్లడం ఎక్కువవుతుంది. ఆ కాంతిని పీల్చుకునే పొగ గాని ఖనిజధూళి గాని గాలిలో పొరగా నిలిచి ఉంటే, కింది నుంచి వెదజల్లబడి వచ్చే కాంతి తగ్గి, రెండు తరంగదైర్ఘ్యాల మధ్య ఉండవలసిన నిష్పత్తి మారుతుంది. కాంతిని పీల్చుకోని మామూలు మేఘాలు ఈ నిష్పత్తిని అంతగా మార్చవు. అంటే ఆ శేషం మేఘాన్ని వదిలి పొగనూ ధూళినీ మాత్రమే పట్టిచూపుతున్నది.

1996లో క్రిస్టినా షూ బృందం ఈ పద్ధతిలో అడవులు, పంటపొలాల దహనపు పొగను గుర్తించగా, 1997లో జే హెర్మన్ బృందం నింబస్-7 నిల్వ సమాచారాన్నంతా తిరిగి చదివి, కాంతిని పీల్చే ఏరోసాల్‌ల ప్రపంచ పటాన్ని తయారుచేసింది. ఏరోసాల్‌లంటే గాలిలో తేలియాడే సూక్ష్మకణాలు. ఈ పద్ధతికి మరొక బలం ఉంది. అతినీలలోహిత కాంతిలో ఎడారి ఇసుక మెరవదు, మసకగానే ఉంటుంది. అందువల్ల ఇంతకాలం కంటికి చిక్కని ధూళిమూలం ఇప్పుడు కనిపించింది. 2002లో ప్రాస్పెరో బృందం ఈ సమాచారంతోనే ప్రపంచ ధూళిమూలాలను గుర్తించింది. అవి ఎడారి అంతటా సమంగా పరచుకొని లేవు. ఒకప్పుడు నీరు నిలిచి ఎండిపోయిన పల్లపు ప్రదేశాల్లో అవి కేంద్రీకృతమై ఉన్నాయి. చాద్ దేశంలోని బొడేలే పల్లం వాటిలో ప్రధానమైనది. అది పూర్వపు మహా చాద్ సరస్సు అడుగుభాగం.

ప్రాచీన ప్రతుల పరిష్కరణలో అనుభవమున్నవారికి ఇది కొత్త కాదు. కావ్యపాఠాన్ని నిర్ణయించే పరిష్కర్త లేఖకదోషమని పక్కన పెట్టిన రూపమే భాషాచరిత్రకారుడికి ఆ లేఖకుని కాలపు, ప్రాంతపు ఉచ్చారణకు ఆధారం కావచ్చు. టామ్స్ సమాచారం కూడా ఇరవై ఏళ్లు అక్కడే ఉంది. దాన్ని అడిగిన ప్రశ్న మారింది. పాత చిత్రాలను, అంకెలను పారవేయకుండా భద్రపరచడం ఎందుకు అవసరమో ఈ ఉదంతం చెబుతుంది.

5. నిప్పు ఉన్నా పొగ కనబడని సందర్భాలు

పొగ నుంచి నిప్పును ఊహించడం ఒక మార్గం. నిప్పును నేరుగా చూడడం రెండోది. నేల మామూలు ఉష్ణోగ్రత దగ్గర విడుదల చేసే పరారుణ కిరణాలు సుమారు పది మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర బలంగా ఉంటాయి. మండే అడవి ఉష్ణోగ్రత దగ్గర ఆ బలం మూడు, నాలుగు మైక్రోమీటర్ల వైపు జరుగుతుంది. కాబట్టి నాలుగు మైక్రోమీటర్ల దగ్గర చూసే పరికరానికి, ఒక పిక్సెల్‌లో చిన్న భాగం మాత్రమే మండుతున్నా ఆ పిక్సెల్ మొత్తం వేడెక్కినట్లు కనిపిస్తుంది. సముద్రజలాల ఉష్ణోగ్రతను, మేఘాలను చూడటానికి 1978 నుంచి ఎగిరిన ఎ.వి.హెచ్.ఆర్.ఆర్. పరికరం ఈ విధంగా నిప్పును కూడా పట్టిస్తుందని 1981లో మాట్సన్, డోజియర్ చూపారు. ఇదికూడా వేరొక పనికి పెట్టిన పరికరంలో దొరికిన సాక్ష్యమే.

నిప్పు, పొగ రెండింటినీ చూడాలన్న స్పష్టమైన ఉద్దేశంతో రూపొందిన పరికరం మోడిస్. 1999 డిసెంబరు 18న టెర్రా ఉపగ్రహంలో, 2002 మే 4న ఆక్వా ఉపగ్రహంలో ఇది కక్ష్యకు చేరింది. 36 పట్టీల్లో కాంతిని కొలిచే ఈ పరికరం ఒక కిలోమీటరు స్పష్టతతో మంటలను గుర్తిస్తుంది. 2011లో ఎగిరిన సువోమి ఎన్.పి.పి. ఉపగ్రహంలోని విర్స్ పరికరం ఆ స్పష్టతను 375 మీటర్లకు తెచ్చింది.

ఇక్కడ తార్కికుల ఇనుపగుండు మళ్లీ గుర్తుకు వస్తుంది. నిప్పు ఉన్నచోట పొగ ఉండాలంటే తడి ఇంధనంతో సంయోగం ఉండాలన్నది వారు చెప్పిన ఉపాధి. అడవి మంటల్లో ఇది అక్షరాలా వర్తిస్తుంది. ఎండిన గడ్డి జ్వాలతో భగ్గున మండితే వేడి ఎక్కువ, పొగ తక్కువ. తడి దుంగలు, నేలలోని పీట్ పొరలు రగులుతూ కుమిలితే వేడి తక్కువ, పొగ ఎక్కువ. మొదటిదాన్ని ఉష్ణ పరికరం సులువుగా పడుతుంది, రెండోదాన్ని వదిలివేయవచ్చు. దట్టమైన మేఘం అడ్డువచ్చినా, చెట్ల కొమ్మలు నేలమంటను కప్పినా మంట చుక్క పటంలో పడదు. కాబట్టి మంట చుక్కల లెక్క పొగ లెక్క కాదు. చుక్క పడనిచోట మంట లేదనడం కూడా సిద్ధాంతం కాదు.

6. పొగా, ధూళా? ఎంత ఎత్తున?

ధూళిని పొగగా భ్రమించడం తర్కగ్రంథాల్లో అసిద్ధ హేతువుకు ఉదాహరణ. ఈ భ్రమను తొలగించడానికి శాస్త్రవేత్తలు మూడు లక్షణాలను ఆశ్రయించారు. మొదటిది పరిమాణం. పొగ కణాల్లో ఎక్కువ భాగం ఒక మైక్రోమీటరుకన్నా చిన్నవి, ధూళి కణాలు అంతకన్నా పెద్దవి. రెండోది పరారుణ స్వభావం. సిలికేట్ ఖనిజాలున్న ధూళి పదకొండు, పన్నెండు మైక్రోమీటర్ల దగ్గర పరారుణ కిరణాలను వేర్వేరుగా పీల్చుకుంటుంది. పొగ ఆ కిరణాలను చాలావరకు పోనిస్తుంది. ఐరోపా సంస్థ యూమెట్‌శాట్ ఈ తేడాను ఉపయోగించి మీటియోశాట్ ఉపగ్రహాల నుంచి పదిహేను నిమిషాలకు ఒకసారి ధూళి చిత్రాన్ని తయారుచేస్తుంది. అందులో ధూళి ముదురు గులాబీరంగులో, రాత్రిపూట సైతం కనిపిస్తుంది. ఆ గులాబీరంగు ధూళిది కాదు, మనం పెట్టుకున్న సంకేతం. ఉపగ్రహ చిత్రాన్ని ఛాయాచిత్రంగా భావించేవారు గమనించవలసిన విషయమిది.

మూడోది ఆకారం. 2006 ఏప్రిల్ 28న ప్రయోగించిన కాలిప్సో ఉపగ్రహం కిందికి లేజర్ కిరణాన్ని పంపి, తిరిగివచ్చిన వెలుగును కొలిచేది. వంకరటింకర ధూళి కణాలు ఆ వెలుగు ధ్రువణాన్ని మారుస్తాయి. గుండ్రని పొగ కణాలు అంతగా మార్చవు. పైగా వెలుగు తిరిగిరావడానికి పట్టే సమయాన్నిబట్టి పొర ఎత్తు తెలుస్తుంది. 2023 వరకు పనిచేసిన ఈ ఉపగ్రహం వాతావరణానికి నిలువుకోత చూపింది. 2007–2013 మధ్య దాని కొలతల ఆధారంగా 2015లో ప్రచురితమైన పరిశోధన, ఏటా సగటున 18.2 కోట్ల టన్నుల ధూళి ఆఫ్రికా పశ్చిమ తీరం దాటుతుందని, అందులో సుమారు 2.77 కోట్ల టన్నులు అమెజాన్ పరీవాహక ప్రాంతంలో రాలుతుందని అంచనా వేసింది. దానితోపాటు దాదాపు 22 వేల టన్నుల భాస్వరం ఆ అడవులకు చేరుతుంది. ఎండిన సరస్సు అడుగు మట్టి మరో ఖండపు అడవికి ఎరువవుతున్నది.

ఎత్తు తెలియకపోతే ఎంతటి భ్రమ కలుగుతుందో మరొక ఉదంతం చెబుతుంది. పది, పన్నెండు కిలోమీటర్లకు పైన ఉన్న స్ట్రాటో ఆవరణంలోకి కణాలను పంపగలిగేది అగ్నిపర్వతాలు మాత్రమేనని చాలాకాలం భావించారు. తీవ్రమైన కార్చిచ్చుల వేడికి పుట్టే ఉరుము మేఘాలు పొగను అంత ఎత్తుకు ఎగదోస్తాయని క్రమంగా తెలిసింది. 2010లో మైఖేల్ ఫ్రామ్ బృందం పాత రికార్డులను తిరిగి చదివి, 1989–1991 మధ్య అగ్నిపర్వతాలకు ఆపాదించిన కొన్ని పొరలు నిజానికి కార్చిచ్చు పొగలని తేల్చింది. 2019–20 ఆస్ట్రేలియా కార్చిచ్చుల తరువాత ఈ విషయంలో సందేహానికి తావు లేకపోయింది. ఆ పొగ స్ట్రాటో ఆవరణంలో సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పైన సుడిగా ఏర్పడి, సూర్యకాంతిని పీల్చి వేడెక్కుతూ దాదాపు 35 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది.

7. చూసిన సమయం

ధ్రువీయ కక్ష్యలోని ఉపగ్రహం ఒక ప్రదేశాన్ని రోజులో నిర్ణీత వేళల్లోనే చూస్తుంది. టెర్రా చిరకాలం ఉదయం పదిన్నర ప్రాంతంలో, ఆక్వా, సువోమి ఎన్.పి.పి. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో దాటేవి. రాత్రి మరొకసారి వస్తాయి. మిగతా వేళల్లో జరిగింది వాటికి తెలియదు. భూస్థిర ఉపగ్రహం నిరంతరం చూస్తుంది గాని, సుమారు 36 వేల కిలోమీటర్ల దూరం నుంచి చూస్తుంది కనుక చిన్న మంటలు దానికి ఆనవు. 2015లో సేవలు ప్రారంభించిన జపాన్ ఉపగ్రహం హిమావరి-8, 2016లో ఎగిరిన అమెరికా ఉపగ్రహం గోస్-16 పది, పదిహేను నిమిషాలకు ఒకసారి గోళమంతటినీ చూపడంతో పొగ కదలిక ఏ గంటకాగంట తెలుస్తున్నది.

2023 జూన్ 6, 7 తేదీల్లో కెనడాలోని క్యూబెక్ కార్చిచ్చుల పొగ న్యూయార్క్ నగరాన్ని నారింజరంగులో ముంచింది. ఆ సంవత్సరం కెనడాలో దాదాపు కోటిన్నర హెక్టార్లు కాలిపోయాయి. 1780, 1950 సంవత్సరాల్లో చీకటి కమ్మిన అదే తూర్పు తీరమిది. ఈసారి పొగ రాకముందే హెచ్చరిక వచ్చింది. ప్రళయభయం, అణుభయం రెండూ లేవు. అయితే పొగ ఎక్కడిదో తెలిసినంత మాత్రాన పీల్చకుండా ఉండటం సాధ్యం కాలేదు. తెలుసుకోవడానికీ తప్పించుకోవడానికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది.

ఉపగ్రహం కొలిచేది నేల నుంచి ఆకాశం వరకు ఉన్న మొత్తం కణాల ప్రభావాన్ని. మనిషి పీల్చేది నేలకు దగ్గరి గాలిని. పొగ నాలుగు కిలోమీటర్ల ఎత్తున సాగిపోతుంటే చిత్రం భయపెట్టినా కింద గాలి శుభ్రంగా ఉండవచ్చు. అందువల్ల నేలమీది కొలమానాల అవసరం ఉపగ్రహాలతో తీరదు. బార్బడోస్ నైలాన్ వలల నాటి పాఠం నేటికీ చెల్లుతుంది.

8. భారతీయ సందర్భం: చుక్క సాక్ష్యమైనప్పుడు

తెలుగునేలకు ఈ చరిత్రతో ప్రత్యక్ష సంబంధం ఉంది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం తన షాద్‌నగర్ క్షేత్రంలో దూరసంవేదన ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటుంది. భారత వాతావరణ ఉపగ్రహాలు ఇన్సాట్-3డి.ఆర్. 2016లోను, ఇన్సాట్-3డి.ఎస్. 2024లోను శ్రీహరికోట నుంచే కక్ష్యకు చేరాయి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి మోడిస్ ఆధారంగా, తరువాత విర్స్ ఆధారంగా కార్చిచ్చు హెచ్చరికలను అటవీశాఖలకు పంపుతున్నది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఆకురాల్చే నల్లమల అడవుల్లో నేలమంట ఎక్కడ లేచిందో క్షేత్రసిబ్బందికి ఈ సందేశాలద్వారా తెలుస్తుంది. ఇక్కడ చుక్క చేసే పని హెచ్చరించడం. అది తప్పయినా నష్టం సిబ్బంది ఒక నడక నడిచిరావడమే.

పంజాబ్, హర్యానాల్లో అదే చుక్క వేరొక పని చేస్తున్నది. భూగర్భజలాలను కాపాడేందుకు పంజాబ్ 2009లో తెచ్చిన చట్టం వరినాట్లను జూన్ మధ్యకు జరిపింది. దాంతో కోతలు ఆలస్యమై, గోధుమ విత్తనానికి వ్యవధి తగ్గి, కొయ్యకాళ్లను కాల్చడం అక్టోబరు చివర, నవంబరు మొదట కేంద్రీకృతమైంది. గాలి నెమ్మదించే ఆ రోజుల్లో పొగ ఢిల్లీవైపు సాగుతుంది. మంటల సంఖ్యను ఉపగ్రహాల ఆధారంగా భారత వ్యవసాయ పరిశోధన సంస్థలోని ప్రయోగశాల ప్రతిరోజూ ప్రకటిస్తుంది. ఈ లెక్కల వెనుక జరిమానాలు, కేసులు, పంజాబ్ భూమి రికార్డుల్లో రైతు ఖాతాపై ఎర్ర నమోదులు ఉన్నాయి.

ఈ దశలో చుక్క విలువను సాక్ష్యంగానే పరీక్షించాలి. 375 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక విర్స్ పిక్సెల్ సుమారు 14 హెక్టార్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. మోడిస్ పిక్సెల్ 247 ఎకరాలు. ఈ విస్తీర్ణంలో అనేకమంది రైతుల కమతాలు ఉంటాయి. పిక్సెల్ వేడెక్కిందనడం నిజమే కావచ్చు. ఏ రైతు పొలం కాలిందో ఆ పిక్సెల్ చెప్పదు. పక్షంలో సాధ్యం ఉందని తేలినా, ఆ పక్షమే ఎంత విశాలమన్న ప్రశ్న మిగులుతుంది. నేలమీద చూసి నిర్ధారించకుండా చుక్కనుంచి మనిషిని చేరుకోవడం అనుమాన ప్రమాణానికి మించిన పని.

లెక్క తగ్గినప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక కాల్చిన పొలం ఆ వేళకు దాటిపోయిన ఉపగ్రహానికి దొరకదు. 2024 నవంబరులో ఢిల్లీ గాలికాలుష్యంపై విచారణ సందర్భంగా ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. దక్షిణ కొరియా భూస్థిర ఉపగ్రహ చిత్రాల్లో సాయంత్రపు మంటలు కనిపిస్తున్నాయన్న వాదన విన్న న్యాయస్థానం, భూస్థిర ఉపగ్రహాల సమాచారాన్ని కూడా సేకరించాలని ఆదేశించింది. మంటలు తగ్గాయా, మంట వేళలు మారాయా అన్నది చుక్కల సంఖ్య ఒక్కటే తేల్చలేదు. ఎక్కువ లెక్క ఒక రైతును అన్యాయంగా దోషిని చేయవచ్చు. తక్కువ లెక్క ఆ పొగను పీల్చే గ్రామస్థుని, నగరవాసిని మభ్యపెట్టవచ్చు. రైతుకూటమి, పాలకవర్గం, నగర పౌరుడు ముగ్గురూ తమకు అనుకూలమైన అంకెను ఎత్తిచూపే అవకాశం ఇక్కడే ఉంది.

9. ముగింపు

పై చర్చవల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. పొగ, ధూళి పరిశీలన చరిత్రలో కీలకమైన సాధనాలు ఎక్కువగా ఇతర ప్రయోజనాలకు ఉద్దేశించినవే. మేఘాల కెమెరా ధూళిని, ఓజోన్ పరికరం పొగను, సముద్ర ఉష్ణోగ్రతా పరికరం మంటను చూపాయి. పరికరం మారడంకన్నా ప్రశ్న మారడంవల్ల పుట్టిన జ్ఞానం ఇందులో ఎక్కువ.

2. పాత ఉపగ్రహ సమాచారం పునఃపఠనానికి నిలిచిన మూలగ్రంథంవంటిది. 1978 నాటి సమాచారం 1997లో ధూళి చరిత్ర అయింది. 1991 నాటి అగ్నిపర్వతపు పొర 2010లో కార్చిచ్చు పొగ అయింది.

3. ఏ ఒక్క ఉపగ్రహమూ స్వయంసంపూర్ణ సాక్షి కాదు. స్వభావం, మూలం, ఎత్తు, సమయం అనే నాలుగింటినీ వేర్వేరు పరికరాలతోను, నేలమీది కొలతలతోను సరిచూసినప్పుడే ఆ సాక్ష్యం నిలుస్తుంది.

4. ఉపగ్రహ చిత్రం హెచ్చరికగా పనిచేసేచోట స్వల్ప దోషాన్ని సహించవచ్చు. అది శిక్షకు ఆధారమయ్యేచోట పిక్సెల్ విస్తీర్ణాన్ని, చూసిన వేళను ప్రకటించడం తప్పనిసరి చేయాలి.

మూలం తెగని పొగరేఖను చూసినప్పుడే నిప్పును నిశ్చయించాలని తార్కికులు నియమం పెట్టారు. ఉపగ్రహాలు ఆరు దశాబ్దాలుగా తెగిన రేఖలను మూలాలతో కలుపుతూ వచ్చాయి. న్యూ ఇంగ్లండ్ చీకటికి 227 ఏళ్ల తరువాత దొరికిన జవాబు నేడు గంటల్లో దొరుకుతున్నది. ఆ వేగంతో పాటు పరీక్ష కూడా సాగాలి. చుక్క పడ్డ పొలం దగ్గరికి ఎవరైనా నడిచివెళ్లి చూసేవరకు ఆ చుక్క అనుమానమే, నిర్ణయం కాదు.